ఏడో నంబరు కానుక

నేను జీవితంలో ఒక్కసారే పై వరసలో కూర్చున్నాను. అదీ బీరువాలో.

ఈ సంగతి బయట చెప్పుకోవడానికి సిగ్గుపడాలని మా ఇంటావిడ అంటుంది. సిగ్గుపడవలసినవి తీసేస్తే నా దగ్గర చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలదు. అందుకని చెబుతున్నాను.

నా పేరు డబ్బీరు సూరప్ప. నందిగుమ్మి సంస్థానంలో దివాణం గుమాస్తాని. విశాఖపట్నంలో నాలుగేళ్ళు ఇంగ్లీషు చదివి, పరీక్షకి మాత్రం కూర్చోకుండా తిరిగొచ్చినవాణ్ణి. కూర్చున్న పరీక్షలో తప్పవచ్చు గాని, కూర్చోని పరీక్షలో తప్పామని ఎవరూ అనలేరు కదా. ఆ ధీమాతోనే దివాణంలో నిబంధనలు రాసే పని సంపాదించాను.

విక్టోరియా రాణీగారి జూబిలీ జరిగిన ఏడాది అది. సీమలో ఆవిడకి దేశదేశాల నుంచీ వచ్చిన కానుకలను అద్దాల పెట్టెల్లో పెట్టి జనానికి చూపించారని మద్రాసు పత్రికలో పడింది. ఆ పత్రిక చదివి దివానుగారికి అర్థం చెప్పింది నేనే. చదవకుండా మడిచి పెట్టేసి ఉంటే నా కథ ఇంతదాకా వచ్చేది కాదు.

దివాన్ జోగారావు పంతులుగారు కళ్ళు మూసుకుని విన్నారు. మా దివానుగారు మామూలు మాట మాట్లాడగా విన్నవాడు సంస్థానంలో లేడు. భోజనానికి లేవాలన్నా తాఖీదు చదివినట్టే చదువుతారు.

"సూరప్పా, సీమయందు జరిగినది నందిగుమ్మియందు జరగకపోవుటకు హేతువు కనబడదు. రాబోవు మార్గశిరమందు మహారాజావారి జన్మదినోత్సవము. సదరు ఉత్సవమునకు వచ్చిన ప్రతి కానుకయు ప్రదర్శింపబడవలెను. సర్కారువారి ఏజంటు దొరగారు స్వయముగా దయచేసి చూడవలెను. నిబంధనలు వ్రాయుము."

రాశాను. అయిదు నిబంధనలు రాస్తే సరిపోయేది. ఇరవై రెండు రాశాను. ఇచ్చినవారి హోదాను బట్టి వస్తువుకి వరస అన్నాను. పై నంబరు వస్తువు కూర్చున్న తరవాతే కింది నంబరు కూర్చోవాలన్నాను. ఏజంటు దొరగారు వచ్చి చూసేదాకా ఏ వస్తువునీ స్థానం నుంచి కదపరాదన్నాను. ఒకసారి ఇచ్చిన కానుకను ఎట్టి పరిస్థితిలోనూ ఇచ్చినవారికి తిరిగి ఇవ్వరాదన్నాను. ఆ 'ఎట్టి పరిస్థితిలోనూ' రాసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

ఇంటికి పట్టుకెళ్ళి మా నరసుకి చదివి వినిపించాను. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల. బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ విన్నది.

"రైతులు గుమ్మడికాయ తెస్తేనో?" అంది.

"అదీ కానుకే. కదపరాదు."

"కుళ్ళితే?"

"కుళ్ళడం గురించి నిబంధనల్లో ఏమీ లేదు."

"లేకపోతే కుళ్ళడం మానేస్తాదేటి?"

చదువు లేని మనిషి కదా అని జాలిపడ్డాను.

మార్గశిరం వచ్చింది. పాత దర్బారు హాలంతా గాజు పెట్టెలతో నింపాం. కానుకలు బళ్ళ మీద, కావళ్ళ మీద, నెత్తి మీద వచ్చాయి. వెండి కొబ్బరిచిప్పలు, దంతపు దువ్వెనలు, ఎవరికీ తెరవడం రాని విలాయతీ గొడుగు, నలభై అరటిగెలలు, నూటముప్పై గుమ్మడికాయలు, పెరుగు కుండలు. నా చేతికింద చిన్న గుమాస్తా పేరయ్య పుస్తకంలో నంబర్లు వేసేవాడు. నేను చీటీలు రాసేవాణ్ణి. "రాయకుండా ఏదీ వదలకు పేరయ్యా. ఇచ్చేమని ఎవరి నోటంట వచ్చినా ఎక్కించెయ్" అని రోజుకి పదిసార్లు చెప్పేవాణ్ణి. పేరయ్య చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. అలాంటివాళ్ళకి ఏదైనా చెప్పేముందు ఒకటికి నాలుగుసార్లు ఆలోచించుకోవాలని నాకు తరవాత తెలిసింది.

మొదటి చిక్కు పొట్టేలుతో వచ్చింది. కొండ ఊళ్ళ పెత్తందారైన ముఠాదారు ఒక పందెం పొట్టేలుని ఇచ్చాడు. వరండాలో దాని పక్కన దించిన నంబరు ఆస్థాన పండితులవారి జన్మదిన పద్యాలు, తాటాకుల మీద రాసినవి ముప్పై. తెల్లారేసరికి తాటాకులు లేవు. పొట్టేలు తృప్తిగా నెమరేస్తోంది. పండితులవారు గుండెలు బాదుకున్నారు. కానుక ఒకటి తగ్గిందని రాయడానికి వీల్లేదు. నేను ఆలోచించి చీటీ మార్చాను: 'పొట్టేలు ఒకటి. లోపల పద్యాలు ముప్పై.' దివానుగారు నా సమయస్ఫూర్తిని మెచ్చుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఆ పద్యాలు అంత హాయిగా జీర్ణమైంది ఆ ఒక్కసారే.

అసలు చిక్కు ఏడో నంబరుతో వచ్చింది. మొదటి ఆరు నంబర్లూ రాజబంధువులవి. ఏడోది దివానుగారిది. ఆయన మద్రాసు నుంచి పాటలు పాడే గడియారం తెప్పిస్తున్నారు. అది ఓడలో వస్తోంది. పుట్టినరోజు రేపనగా కూడా వస్తూనే ఉంది. ఏడో నంబరు కూర్చోనిదే ఎనిమిది కూర్చోకూడదు. ఎనిమిది కూర్చోనిదే తొమ్మిది కూర్చోకూడదు. ఆరువందల కానుకలు వరండాలో నిలబడిపోయాయి. నిబంధన మార్చండని ఎవరైనా అనవచ్చు. మార్చడానికి మళ్ళీ ఇరవై రెండో నిబంధన ప్రకారం నెలరోజుల గడువు కావాలి. అదీ నేను రాసిందే.

దివానుగారి ముఖం వాడిపోయింది. అప్పుడు నాకు బుద్ధి పుట్టింది. కొరివితో తల గోక్కునేవాడికి కూడా మొదట వెచ్చగానే ఉంటుంది.

"ఏలినవారికి తమ తరఫున ఒక గుమాస్తా సేవ సమర్పించినట్టు రాద్దామండి. ఇంగ్లీషు తెలిసిన గుమాస్తా. అంటే నేనే" అన్నాను. కాగితం మీద ఒక ముక్క రాసేస్తే సరిపోతుందని నా ఉద్దేశం.

దివానుగారు నా భుజం తట్టారు. "భేషు. అయితే ప్రదర్శింపబడునది కంటికి కనబడవలెనని మూడవ నిబంధన. సేవ కంటికి కనబడదు. నీవు కనబడుదువు."

గాజు పెట్టెల్లో మనిషి పట్టేది లేదు. దివాణం గ్రంథాలయంలో లా పుస్తకాలుండే బీరువా తెచ్చి, అరలు పీకేసి, లోపల కుర్చీ వేశారు. గాలి ఆడడానికి పైన ఒక అద్దం తీశారు. నా చీటీ నేనే రాసుకున్నాను: 'నంబరు ఏడు. గుమాస్తా ఒకటి. ఇంగ్లీషు వచ్చును. దివానుగారి కానుక.' దారం కట్టి మెడలో వేశారు. తాళం వేశారు.

మర్నాడు ఉత్సవం. మేళాలు, తుపాకులు, ఏనుగు మీద అంబారీ. మహారాజావారు కానుకలు చూడ్డానికి వచ్చారు. మహారాజావారు సాత్వికులు. పావురాలంటే ప్రాణం. ఆ రోజున ఆయన్ను పావురాల దగ్గరికి పోనివ్వలేదని కొంచెం దిగులుగా ఉన్నారు. బీరువా ముందు ఆగారు.

"ఇది ఏవిటి చేస్తుంది?"

"వ్రాయును, మహాప్రభో" అన్నారు దివానుగారు.

నేను వెంటనే కాగితం మీద 'గాడ్ సేవ్ ది క్వీన్' అని ఇంగ్లీషులో రాసి అద్దానికి ఆనించి చూపించాను. మహారాజావారి ముఖం వెలిగింది.

"రోజూ కీ ఇవ్వాలా?"

"రెండు పూటలా అన్నము పెట్టిన చాలును, మహాప్రభో."

నాకు గర్వం కలిగింది. దాచుకుని ఏం లాభం? తాసీల్దారుగారి వెండి పల్లకీ పన్నెండో నంబరు. నేను ఏడు. ఊళ్ళో నన్ను 'ఒరే సూరప్పా' అని పిలిచే పెద్దమనుషులు నా ముందు నిలబడి చీటీ చదువుకుని, "ఓహో" అనుకుంటూ వెళ్ళారు. ఆ రెండు రోజులూ నేను వెన్ను వాల్చలేదు.

మూడో రోజున అన్నం పెట్టడానికి తాళం తీసినప్పుడు ఇంటికి వెళ్దామని లేచాను. ద్వారం దగ్గర కాపలా జవాను పోలినాయుడు అడ్డం వచ్చాడు. "బాబూ, దొర రాకండా ఏ వొస్తువూ కదలకూడదట. తవరే రాసినారట కదా" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఏజంటు దొరగారు మన్యంలో పులివేటకి వెళ్ళారు. తరవాత ఆయనకి జ్వరం తగిలింది. వచ్చే వారం వస్తామని తంతి వచ్చేది. వచ్చే వారం కూడా వచ్చే వారమే అనేది. నేను బీరువాలో ఉన్నాను. నాకు అన్నం పెట్టడాన్ని పుస్తకంలో 'వస్తు సంరక్షణ' కింద రాసేవారు, గడియారాలకి నూనె వేసినట్టు. పొద్దున్నే ఈకల కుంచెతో ముఖం తుడిచేవారు. కాలకృత్యాలకి బయటికి తీసుకెళ్ళినప్పుడు బీరువా మీద 'మరమ్మతులో ఉన్నది' అని పలక తగిలించేవారు. ఒకసారి నాకు కడుపులో బాగులేక నాలుగుసార్లు మరమ్మతుకి వెళ్తే, దివానుగారు ఇంత నాసి వస్తువును ఎవరు సిఫార్సు చేసినారని పేరయ్యని నిలదీశారు.

నా చోట ఇప్పుడు పేరయ్యే చీటీలు రాస్తున్నాడు. తప్పులు రాసేవాడు. రోజూ సాయంత్రం పుస్తకం తెచ్చి అద్దానికి ఆనించేవాడు. నేను లోపల్నించి వేలితో చూపించి దిద్దించేవాణ్ణి. అంటే నన్ను అందులో ఉంచిన పుస్తకాన్ని నేనే చక్కగా తీర్చిదిద్దుతున్నానన్నమాట. మరో పక్క గుమ్మడికాయలు కుళ్ళడం మొదలైంది. నరసు మాట గుర్తొచ్చి తల తిప్పుకున్నాను.

ఉత్సవమైన పదో రోజున పోలినాయుడు వచ్చి బీరువా పక్కన గోడవేపు తిరిగి నిలబడ్డాడు.

"వొస్తువులతోటి మాటాడకూడదు. నాను గోడతోటి సెప్తన్నాను. తవరు ఇనుకోండి. మీ అత్తోరూర్నించి కబురొచ్చినాది. ఆడబిడ్డట. తల్లీ పిల్లా కులాసాయేనట."

ఇంతకు ముందు మాకు ఇద్దరు పుట్టారు. ఒకడు పదకొండో రోజున పోయాడు. ఒకడు పంతొమ్మిదో రోజున. ఇద్దరికీ పేరు పెట్టే రోజు రాలేదు. పేరు లేకుండా వచ్చారు, పేరు లేకుండా వెళ్ళిపోయారు. ఇరవై ఒకటో రోజున తండ్రి పళ్ళెంలో బియ్యం పోసి వేలితో పేరు రాయాలి. నా వేలు ఇంతవరకూ ఆ పని చెయ్యలేదు. చెయ్యాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను.

వెంటనే అర్జీ రాసి అద్దం సందులోంచి బయట పడేశాను. దివానుగారు స్వయంగా వచ్చారు.

"పదార్థము అర్జీ పెట్టుకొనుట అశ్రుతపూర్వము. ఏ పదార్థమునైనను గురించి దాతయే మనవి చేయవలెను."

"దాత తమరే కదండీ. తమరు మనవి చెయ్యండి. ఒక్క రోజు చాలు."

"ఇచ్చినదానిని తిరిగి కోరుట ఇరవయ్యవ నిబంధనకు విరుద్ధము. 'ఎట్టి పరిస్థితిలోనూ' అని యున్నది. సదరు నిబంధన వ్రాసినవారెవరు?"

"నేనేనండి."

"మిక్కిలి చక్కగా వ్రాసినావు" అని ఆయన వెళ్ళిపోయారు.

ఏం చెయ్యను? బీరువాలో కూర్చుని పేరు ఆలోచించుకున్నాను. మామూలు పేరు నాకు నచ్చలేదు. ఏడో నంబరువాడి కూతురు కదా. 'విక్టోరియా రాజరాజేశ్వరీ పట్టమహిషి' అని ఖాయం చేసుకున్నాను. పట్టమహిషి ఎందుకని మాత్రం అడక్కండి.

పిల్ల పుట్టి ఇరవై రోజులు గడిచాయి. దొరగారు రాలేదు. ఈలోగా రాణీవాసంవారు కానుకలు చూస్తామన్నారు. ఘోషా ఏర్పాటు చెయ్యాలి. ఊళ్ళో పెద్దింటి ఆడవాళ్ళు కూడా వస్తారు. ఆ పూట హాల్లో మగపురుగు ఉండకూడదు. మరి ఏడో నంబరు సంగతేమిటని పేరయ్య అడిగాడు. దివానుగారి కచేరీలో ఒక పూటంతా చర్చ జరిగింది. పురుషుడా, పదార్థమా? పదార్థమే అని తేల్చారు. పొట్టేలుకి మాత్రం కళ్ళకి గంతలు కట్టాలన్నారు. నాకు అవసరం లేదన్నారు. అది గౌరవమో అగౌరవమో నాకు ఇప్పటికీ తేలలేదు.

పేరయ్య ద్వారం దగ్గర తెర వెనక పుస్తకంతో కూర్చున్నాడు. లోపల దాసీ గైరమ్మ పెత్తనం. ఆడవాళ్ళు వచ్చారు. నా ముందే జుట్టు విప్పి ముడేసుకున్నారు. ఒకావిడ నా అద్దంలో ముక్కుపుడక సవరించుకుంది.

"ఇది రెప్పలారుస్తోందే!"

"కీ ఇచ్చి ఉంటారు."

"మా ఇంట్లోనూ ఉందమ్మా ఒకటి, ఇలాంటిదే. ఇంత కుదురుగా మాత్రం కూచోదు."

పగలబడి నవ్వుకున్నారు. నేను కదల్లేదు. వస్తువుగా నాకు మంచి పేరుంది, అది చెడగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

అప్పుడు నరసు వచ్చింది. పచ్చి బాలెంతరాలు, తలకి గుడ్డ కట్టుకుని నాలుగు కోసులు బండిలో వచ్చింది. పక్కన మా అత్తగారు. అత్తగారి చేతిలో చేట. చేటలో పాతగుడ్డ మీద నా కూతురు. నరసు చేతిలో చిన్న పళ్ళెం, పళ్ళెంలో తవుడు.

పిల్లలు నిలవని ఇళ్ళల్లో మా వైపు ఒక ఆచారం ఉంది. పుట్టిన పిల్లని చేటలో పెట్టి ఎవరికో ఇచ్చేస్తారు. "నీకే ఇచ్చేం" అని నోరారా అనాలి. తరవాత తవుడు పోసి తండ్రి తిరిగి కొనుక్కోవాలి. తవుడుకి కొన్న పిల్లే కదా, దీన్ని పట్టుకెళ్ళి ఏం చేసుకుంటానని యముడు పక్కకి తప్పుకుంటాడట. తండ్రి బీరువాలో ఉన్నాడు కనక ఆచారం ఇక్కడికే తెచ్చారు.

నరసు నా ముందుకి వచ్చి నిలబడింది. నా మెడలో చీటీని చూసింది. ఆవిడకి చదవడం రాదు. రానందుకు ఆ క్షణాన దేవుడికి దండం పెట్టుకున్నాను. వస్తువులతో మాట్లాడకూడదు కనక వాళ్ళమ్మతో అంది, నాకు వినబడేలాగ:

"అమ్మా, ఆ బీరువాలోదానికి చెప్పు. ఇయ్యాళ ఇరవై ఒకటో రోజని. ఈ పిల్ల ఇంతవరకూ నిలబడింది, ఇక దాని బాబు నిలబడాలని."

అత్తగారు చేటని దాసీ గైరమ్మ చేతుల్లో పెట్టింది. "గైరమ్మా, ఈ పిల్లని నీకే ఇచ్చేం" అంది గట్టిగా.

తెర వెనకనించి పేరయ్య గొంతు వినబడింది. "ఇచ్చేం అన్న మాట వచ్చింది. ఆరువందల పధ్నాలుగు. ఆడశిశువు ఒకటి, చేటతో సహా. ఎవరి తరఫున?"

"ఓలమ్మ! ఇది ఆచారం బాబూ, కానుక కాదు" అంది గైరమ్మ.

"ఆచారానికి పుస్తకంలో గడి లేదు. ఇచ్చినవారి హోదా చెప్పండి. గుమాస్తా భార్య తల్లి. ఆఖరి వరస. గుమ్మడికాయల పక్కన పెట్టించండి." తెర కిందనించి దారం కట్టిన చీటీ ఒకటి జారి వచ్చింది.

గైరమ్మకి దివాణం హుకుం అంటే హడలు. ఏడుపు ముఖంతో చేట పట్టుకుని ఆఖరి వరసవేపు నడిచింది. నరసు ఒక్క ఉదుటున నావేపు తిరిగింది. "ఏటండీ, చూస్తూ కూచుంటారా?"

వస్తువులు చేసే పని అదే. నా మనసులో మొదట ఏం వచ్చిందో చెబితే నా ముఖాన ఉమ్మేస్తారు. అయినా చెబుతాను. ఏడో నంబరువాడి కూతురిని ఆఖరి వరసలోనా, అనుకున్నాను. వరస మార్పించడానికి ఏ నిబంధన కింద రాయాలా అని వెతుక్కుంటున్నాను కూడా.

అంతలో పిల్ల ఏడ్చింది.

దాని గొంతు నేను వినడం అదే మొదటిసారి. సన్నగా, కోపంగా, ఊపిరి బిగబట్టి మళ్ళీ ఏడ్చింది. ముందిద్దరి ఏడుపూ నాకు గుర్తొచ్చింది. అవి ఎలా ఆగిపోయాయో కూడా గుర్తొచ్చింది. సిరాబుడ్డి తీసి అద్దం మీద కొట్టాను.

అద్దం భళ్ళున పగిలింది. బయటికి దూకాను. రాణీవాసం అంతా ఒక్క కేక పెట్టింది. అంతవరకూ నా ముందు జుట్టు విప్పుకున్నవాళ్ళు ముసుగులు దొరక్క ఒకళ్ళ కొంగు ఒకళ్ళు కప్పుకున్నారు. గంతలు కట్టిన పొట్టేలు బెదిరి పెరుగు కుండల మీద పడింది. నేను ఒళ్ళంతా సిరాతో గుమ్మడికాయల దగ్గరికి పరిగెత్తి, గైరమ్మ చేతిలోంచి చేట అందుకున్నాను.

"ఏడో నంబరు కదిలిందండోయ్!" అని పేరయ్య తెర వెనకనించి అరిచాడు. "ఇరవయ్యో నిబంధనండి! ఇచ్చింది తిరిగి ఇవ్వకూడదండి!"

"ఇవ్వమని ఎవరడిగారు? కొంటున్నాను. కొనడం గురించి ఎక్కడైనా ఉందేమో చూడు."

తెర వెనక కాగితాలు తిరగేసిన చప్పుడు చాలాసేపు వినబడింది.

"లేదండి."

"ఎందుకు లేదు?"

"తమరు రాయలేదండి."

నేను దివాణానికి చేసిన మొత్తం కొలువులో పనికొచ్చింది, రాయకుండా వదిలేసిన ఆ ఒక్క ముక్కే. నరసు పళ్ళెం నా ముందు పట్టుకుంది. పేరు రాయాలి. తవుడు పళ్ళెం జానెడు లేదు. నేను ఖాయం చేసుకున్న పేరులో సగం కూడా అందులో పట్టదు. నాలుగక్షరాలు రాశాను. తవిటమ్మ. రాసి ఆ తవుడు గైరమ్మ కొంగులో పోశాను. "తవుడు పోసి కొన్నాను. ఈ పిల్ల నాది" అన్నాను. ఆ మాట అంటూంటే నాకు ఏడుపు ఆగలేదు. సిగ్గు లేకుండా అందరి ముందూ ఏడ్చాను. పేరయ్య మాత్రం ఆరువందల పధ్నాలుగు కొట్టేసి 'తవుడు, దోసెడు' అని ఎక్కించాడు.

తరవాత జవాన్లు వచ్చారు. నరసు పిల్లతో వెళ్ళిపోయింది. నన్ను కచేరీకి తీసుకెళ్ళారు.

దివానుగారు రెండు వేళ్ళు చూపించారు. "నీవు పురుషుడవైనచో ఘోషాభంగము. శిక్ష, కొలువునుండి తొలగింపు. నీవు పదార్థమవైనచో ప్రదర్శనాభంగము. శిక్ష ఏమియు లేదు, మరమ్మతు మాత్రమే. క్రొత్త అద్దము వేయింపబడును. ఏది ఒప్పుకొందువు?"

చూడండి, అంత జరిగాక కూడా నేను ఆలోచించాను. రెండోది ఒప్పుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. పైగా ఏడో నంబరు. నోటిదాకా వచ్చింది కూడా. కాని నా వేళ్ళకి ఇంకా తవుడు అంటుకుని ఉంది. పిల్ల ఎక్కడో బండిలో వెళ్తోంది, ఏడుస్తోందో నిద్రపోతోందో తెలియదు.

"మనిషినేనండి" అన్నాను. దివానుగారికి వినబడలేదట. మళ్ళీ అనమన్నారు. మళ్ళీ అన్నాను. అంత చిన్న మాట అనడానికి అంత కష్టపడవలసి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

కొలువు పోయింది. అయినా దివాణం నన్ను వదల్లేదు. మనిషి అయితే జాబితాలో ఉండకూడదు. ఏడో నంబరు మొదటినించీ లేదంటే కింద ఆరువందల కానుకలూ చెల్లవు. కనక జాబితా వరకు నేను పదార్థమే, విధి ప్రకారం పారవేయబడనంతవరకు. ఆ వారమే మద్రాసు గడియారం దిగింది. అది పాడదు, నడవదు. అయినా కుర్చీ అక్కర్లేదు, అన్నం అక్కర్లేదు. దివానుగారు దాన్ని చూసి మురిసిపోయి, నా వంక చూసి పెదవి విరిచారు.

"స్థానమున గడియారము కూర్చున్నది గనుక కదపరాదను నిబంధనకు భంగము లేదు. తవుడునకు విక్రయించు ఆనవాయితీ ఇదివరకే ఏర్పడియున్నది. సదరు ఏడవ నంబరును కూడ అటులనే విక్రయింపుడు. దాని ఆలిని పిలిపింపుడు."

దివాణం పెరటి గుమ్మం దగ్గర, కుళ్ళిన గుమ్మడికాయలు పోసిన చోట నన్ను నిలబెట్టారు. నరసు వచ్చింది, చంకలో తవిటమ్మతో. కొంగులోంచి గుప్పెడు తవుడు తీసి పేరయ్య పుస్తకం పక్కన పోసింది. పేరయ్య ఆ తవుడు కేసి చూశాడు.

"పిల్లకి దోసెడు పోసేరు కదమ్మా."

"ఇది వాడినది కదా బాబూ" అంది నరసు.

పేరయ్య ఒప్పుకుని కలం ముంచాడు. "ముట్టినట్టు రాయాలి. వస్తువు ఏ స్థితిలో అందిందో కూడా రాయాలి. ఏమని రాయమంటారు?"

నరసు నన్ను కిందనించి పైదాకా చూసింది. చిరిగిన చొక్కా, సిరా మరకలు, మెడలో ఇంకా వేలాడుతున్న చీటీ. చీటీ దారం పట్టుకుని తెంపి గుమ్మడికాయల్లో పారేసింది. పిల్లని తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"ఆలస్యంగా అందిందని రాయండి" అంది.

పేరయ్య రాశాడు. అలవాటు కొద్దీ పుస్తకం నావేపు తిప్పాడు, దిద్దమని. రెండు చేతుల్లోనూ పిల్ల ఉంది. ఉండకపోయినా, అందులో దిద్దవలసింది ఏమీ లేదు.